తెర మీది విందుకూ ఆఫీసు నిబంధనలే!

గురుగ్రామ్: తంబోలా చీట్లు ఈ-మెయిల్‌లో వస్తాయి. బిర్యానీ పొట్లాన్ని డెలివరీ కుర్రాడు గుమ్మం వద్ద అందజేస్తాడు. సహోద్యోగులు కంప్యూటర్ తెరపై చిన్న చిన్న గళ్లలో దర్శనమిస్తారు. 2020 నాటి కరోనా లాక్‌డౌన్‌తో బహుళజాతి కంపెనీల నగరం గురుగ్రామ్‌లో వ్యాపించిన ఈ ‘వర్చువల్ పార్టీ’లు, కార్యాలయాలు తిరిగి తెరుచుకున్న తరువాత కూడా పూర్తిగా కనుమరుగు కాలేదు. ఒకే బృందంలోని వారు గురుగ్రామ్, హైదరాబాద్, విదేశీ నగరాలలో చెదిరి ఉన్న సంస్థలకు ఇవి అనుకూలంగానే ఉన్నాయి. అయితే ఇది వినోదమా, విధి నిర్వహణా అన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉన్నది.

2016 వరకు గుర్గావ్‌గా వ్యవహరించిన ఈ పట్టణంలో 1997లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ తన ‘బ్యాక్ ఆఫీసు’ పనులను ప్రారంభించింది. ఆ విభాగమే తరువాత జెన్‌పాక్ట్‌గా మారింది. దాని వెనుకే అనేక కాల్ సెంటర్లు వచ్చాయి. స్వస్థలాలకు దూరంగా, రాత్రి షిఫ్టులలో పనిచేసే యువతీ యువకులకు ఆఫీసు విందులు కాలక్షేపం మాత్రమే కాదు, పరిచయాలు పెరిగేందుకు మార్గం కూడా.

కాల్ సెంటర్ ఉద్యోగి ఇంటి నుంచి పనిచేయడంపై లోగడ కఠినమైన ఆంక్షలు ఉండేవి. టెలికం శాఖ వీటిని 2020 మార్చి 13న తాత్కాలికంగా సడలించింది. అదే ఏడాది నవంబర్‌లో నిబంధనలను శాశ్వత ప్రాతిపదికన సరళీకరించింది. జూలై నెలాఖరు వరకు ఇంటి నుంచే పనిచేయించవలసిందిగా 2020 ఏప్రిల్‌లో గురుగ్రామ్ అధికారులు కంపెనీలకు సూచించారు. దీనితో పలువురు ఉద్యోగులు సొంత ఊళ్లకు తరలిపోగా, వీడ్కోలు సభలు, పుట్టినరోజులు, దీపావళి వేడుకలు సైతం తెరపైకి చేరాయి.

ఇందుకు ఎక్కువగా ఉపయోగపడిన వేదికల్లో ‘జూమ్’ ఒకటి. 2019 డిసెంబర్‌లో రోజుకు గరిష్ఠంగా కోటిగా ఉన్న సమావేశాల హాజరు 2020 ఏప్రిల్ నాటికి 30 కోట్లు దాటినట్లు ఆ సంస్థ ప్రకటించింది. కాగా, ఈ వేదిక సురక్షితం కాదని 2020 ఏప్రిల్ 16న కేంద్ర హోంశాఖ హెచ్చరించింది. ప్రతి సమావేశానికి కొత్త పాస్‌వర్డ్ పెట్టాలని, వచ్చినవారిని ముందుగా ‘వెయిటింగ్ రూమ్’లో ఉంచి పరిశీలించాలని, అందరూ చేరిన తరువాత తలుపు మూసినట్లుగా సమావేశానికి తాళం వేయాలని సూచించింది. పార్టీ నిర్వాహకులకు నేటికీ పనికివచ్చే జాగ్రత్తలు ఇవి.

అసలు చిక్కు మర్యాద దగ్గర వస్తున్నది. ఇల్లు కదా అన్న చనువుతో మాట జారితే అది ఆఫీసు వ్యవహారమే కావచ్చు. పని ప్రదేశాలలో మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు ఉద్దేశించిన 2013 నాటి చట్టం, పని ప్రదేశం నిర్వచనంలో నివాస గృహాన్ని కూడా చేర్చింది. వేర్వేరు రాష్ట్రాలలో పనిచేస్తున్న బ్యాంకు ఉద్యోగులకు సంబంధించిన కేసులో, డిజిటల్ వేదికను ఒకే పని ప్రదేశంగా పరిగణించాలని 2021లో రాజస్థాన్ హైకోర్టు పేర్కొన్నది. కనుక తెర మీది విందులో అసభ్యంగా ప్రవర్తించినా బాధితురాలు సంస్థ అంతర్గత కమిటీని ఆశ్రయించవచ్చు.

అలసట మరొక సమస్య. ఎదుటివారి ముఖాలను అతి దగ్గరగా చూడటం, తన ముఖాన్ని తానే నిరంతరం చూసుకోవడం, కదలక కూర్చోవడం, సైగలను అర్థం చేసుకునేందుకు మెదడు అదనంగా శ్రమించడం ఇందుకు కారణాలని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెరెమీ బైలెన్సన్ 2021లో వివరించారు. రోజంతా అదే తెర ముందు పనిచేసిన ఉద్యోగికి సాయంత్రం పార్టీ కూడా మరొక మీటింగ్‌గానే తోచడంలో ఆశ్చర్యం లేదు. వంట, పిల్లల చదువు చూసుకోవలసిన మహిళలకు, ఒకే గదిలో సర్దుకునే వారికి ఈ భారం మరింత ఎక్కువ.

తెర మీది విందుతో కంపెనీకి హాలు అద్దె, వాహనాల ఖర్చు మిగులుతాయి. కానీ ఆ సొమ్ముపై ఆధారపడిన వంటవారికి, వడ్డించేవారికి, క్యాబ్ డ్రైవర్లకు అంత మేరకు పని పోయినట్లే. ఉద్యోగికి ముట్టేది తినుబండారాల కూపనో, బహుమతి వోచరో మాత్రమే.

ఈ పరిస్థితిలో నిర్వాహకులు చేయగలిగినది లేకపోలేదు. పార్టీని పని వేళల్లోనే, గంటకు మించకుండా జరపవచ్చు. పెద్ద బృందాన్ని చిన్న గుంపులుగా విడదీస్తే అందరికీ మాట్లాడే అవకాశం దొరుకుతుంది. కెమెరా తెరవడాన్ని ఉద్యోగి ఇష్టానికి వదలాలి. అన్నిటికీ మించి, పార్టీకి రానివారి పేర్లు పదోన్నతుల వేళ గుర్తుకు రాకూడదు. హాజరు పట్టీ తీసుకునే విందును విందుగా నమ్మే ఉద్యోగులు ఎక్కడా ఉండరు.