నెర్రెల మీద మంద

ఏప్రిల్ నెలలో అద్దంకి చుట్టుపక్కల నల్లరేగడి చేలు దప్పికతో నోరు తెరుచుకుని ఉంటాయి. పత్తి కట్టె పీకేశారు. మిరపకాయ కళ్ళాల నుంచి లేచి గుంటూరు దారి పట్టింది. గాలిలో ఇంకా కాస్త ఘాటు, నేల నిండా నెర్రెలు. కొన్నిట్లో మోచేతి దాకా చెయ్యి దూరుతుంది. చెట్టు నీడ లేని ఈ నేల మీదికే గొర్రెల కాపరులు కాపురం తెచ్చుకుంటారు.

అమెరికాలో అరిజోనా ఎడారిలోని క్వార్ట్‌సైట్ అనే చిన్న ఊరి చుట్టూ ఏటా చలికాలంలో చక్రాల ఇళ్ళు వేలల్లో దిగుతాయి. కరెంటు తీగా కుళాయీ లేకుండా, నీళ్ళు లెక్కపెట్టుకుంటూ జనం అక్కడ వారాలూ నెలలూ గడుపుతారు. మన కాపరి ఇల్లు అంతకంటే చిన్నది. రెండు గిన్నెలు, నీళ్ళ క్యాన్లు, మంద చుట్టూ కట్టే వల, గొర్రెపిల్లల్ని మూసే గంపలు, సెల్‌ఫోన్‌కు చార్జింగు ఇచ్చే చిన్న సోలార్ దీపం, భుజాన గొంగడి. ఆ గొంగడి కూడా తన మందది కాదు. ఇక్కడ ఎక్కువగా మేసేది నెల్లూరు జాతి. పొడుగు కాళ్ళు, మేకకున్నట్టు పొట్టి వెంట్రుక, నేయడానికి ఉన్ని ఉండదు. గొంగడి నేసింది దక్కను నల్లగొర్రె ఉన్నితో.

"నీళ్ళెక్కడివి పెద్దాయనా?" అని కాపరిని అడిగాను.

"ఏట్లో చెలమ ఉందిగా బాబూ."

నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ వేసవికి ఇసుకగా మారిపోతుంది. కానీ నీరు పోలేదు, కిందికి దిగింది. ఆయన చేతులతోనే ఇసుక తోడాడు. ముందు ఊరిన బురదనీళ్ళు పారబోశాడు, మళ్ళీ ఊరినవీ పారబోశాడు. మూడోసారి ఊరిన నీళ్ళలో ఆయన వేళ్ళ గీతలు కూడా కనిపించాయి. ఇసుకే వడకట్టి ఇచ్చిన నీళ్ళు అవి.

పొద్దుగూకాక పత్తి కట్టెతో పొయ్యి వెలిగింది. అన్నం, పండుమిరప పచ్చడి, మజ్జిగ. దూరాన నార్కట్‌పల్లి రోడ్డు మీద లారీల వెలుగులు పాకుతున్నాయి. మా దగ్గర చీకటే. టార్చి వేస్తే వందల కళ్ళు పచ్చగా వెలిగాయి. గొర్రె కంటి వెనక అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది. లోపలికొచ్చిన వెలుగును అది వెనక్కి తిప్పి, చీకట్లో కంటిని దాన్ని రెండోసారి వాడుకోనిస్తుంది. టార్చి ఆర్పేశాక నెమరు చప్పుడు మొదలైంది. మనిషి పొట్ట అరిగించుకోలేని ఎండుటాకును గొర్రె పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు రాత్రంతా కరిగిస్తుంటాయి. అంత మంద ఒకేసారి నెమరేస్తుంటే సన్నని వాన పడుతున్నట్టే ఉంది.

గంపలు ఎత్తగానే పిల్లలన్నీ ఒకటే అరుపు. ఇంత కలగాపులగంలో ఏ తల్లీ పొరబడలేదు. ఈనిన తొలి గంటల్లోనే పిల్ల వాసనను తల్లి పట్టేసుకుంటుంది. ఆ తర్వాత దూరం నుంచి గొంతును కూడా గుర్తుపడుతుంది. పరాయి పిల్ల పొదుగు దగ్గరికి వస్తే తలతో నెట్టేసింది.

మంద కట్టించుకున్నందుకు రైతు డబ్బులిస్తాడు. ఎందుకిస్తాడో తెల్లవారుతుండగా అర్థమైంది. పోగేసిన ఎరువు కుప్పలోకి చేరని గొర్రె మూత్రం, నత్రజని నిండిన మూత్రం, ఇక్కడ నేరుగా నేలలోకి ఇంకింది. ఇక పెంటికలు నెర్రెల అంచున ఆగి, డెక్క తగలగానే లోపలికి దొర్లిపోతున్నాయి. రేగడిలోని బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని చీలుతుంది. పైమన్ను ఆ చీలికల్లో పడి, వానకు నెర్రె మూసుకుపోతే లోపలే ఉండిపోతుంది. నాగలి అక్కర్లేకుండా ఏటికేడు ఈ నేల తనను తాను తిరగేసుకుంటుంది. గొర్రె వేసిన ముద్ద కూడా దాంతోపాటే కిందికి దిగుతుంది. ఇంత కాలం ఈ నెర్రెల్ని నేను కరువు గుర్తుగానే చూశాను. అవి ఆకలితో తెరిచిన నోళ్ళు.

వేగుచుక్క ఇంకా ఆరకముందే పెద్దాయన వల విప్పి, పక్క చెక్కలో మేకులు దిగ్గొట్టాడు. ఈ రాత్రికి మంద అక్కడ. నిన్నటి చోట మోకాళ్ళ మీద వంగి ఒక నెర్రె దగ్గర చెవి పెట్టాను. ఒక పెంటిక జారింది. టపటపా తగులుకుంటూ, చాలాసేపు కిందికి పోతూనే ఉంది.