చూడదగినవి ఎన్నో... నిలిచేవారే కరవు

మచిలీపట్నం: కార్తిక పౌర్ణమికి మంగినపూడి, మాఘ పౌర్ణమికి హంసలదీవి జనంతో కిటకిటలాడతాయి. స్నానం, దర్శనం ముగించుకుని పొద్దుగూకేలోగా చాలామంది తిరుగు ప్రయాణం కడతారు. వచ్చినవారు ఒక్క రాత్రి నిలిస్తే మన ఊళ్లకు నాలుగు డబ్బులు చేరతాయి. అలా నిలపడానికి చూపదగినవి లేవా అంటే, కావలసినన్ని వున్నాయి.

బందరులో...

బందరుకు 11 కిలోమీటర్ల దూరంలో వున్న మంగినపూడి తీరంలో 2025 జూన్‌లో 'మసులా బీచ్ ఫెస్టివల్' జరిగింది. అయితే సముద్రం చూసి వెళ్లేవారిలో బందరు కోట దగ్గరి డచ్చివారి సమాధులను చూసేవారు ఎందరు? డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను ఈ రేవుకు వర్తకానికి వచ్చారు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన సుమారు 30 వేల మందిని బలిగొన్నది. ఈ చరిత్రంతా అక్కడే నిలబడి చెప్పుకోదగినది.

పక్కనే చిలకలపూడి పాండురంగస్వామి ఆలయం వుంది. పెడన వెళితే కలంకారీ అద్దకం చూడవచ్చు. కరక్కాయ నీళ్లలో బట్ట నానబెట్టడం, కర్ర అచ్చులతో అద్దడం, కాలువలో ఉతకడం కళ్లారా చూసినవారు ఆ దుప్పటి ధరకు గీచిగీచి బేరమాడరు.

గుడివాడ నుంచి...

గుడివాడలోని పాతదిబ్బలో బౌద్ధ స్తూపం ఆనవాళ్లు వున్నాయి. గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు 1922లో జన్మించిన చౌటపల్లి ఈ ప్రాంతంలోనిదే. పామర్రు మీదుగా దక్షిణానికి సాగితే నాట్యానికి పేరిచ్చిన కూచిపూడి, క్షేత్రయ్య పదాలలో నిలిచిన మువ్వ వస్తాయి. ఆ దిగువనే ఘంటసాల గ్రామం వుంది. రెండో శతాబ్దంలో టాలెమీ పేర్కొన్న రేవు ఇదేనని చరిత్రకారుల అభిప్రాయం. ఇక్కడి స్తూపపు శిల్పాలు కొన్ని పారిస్‌లోని గిమె మ్యూజియంలో వున్నాయి. మన రాళ్లను చూడడానికి పరాయి దేశంలో టిక్కెట్టు కొంటున్నారు. మన పిల్లలకు మాత్రం ఆ దిబ్బ సంగతి తెలియదు!

దివిసీమలో...

మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని దర్శించినవారు అవనిగడ్డ దాటితే నాగాయలంక చేరతారు. అక్కడ కృష్ణ ఒడ్డు, పడవ ప్రయాణం సాయంత్రం పూట ఎంతో హాయి. కోడూరు మీదుగా వెళితే హంసలదీవి వేణుగోపాలస్వామి ఆలయం, ఆ పైన పాలకాయతిప్ప, సాగర సంగమం వస్తాయి. కృష్ణ అభయారణ్యంలోని మడ అడవులు ఉప్పెన వేగాన్ని తగ్గిస్తాయి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో వేలాదిమందిని పోగొట్టుకున్న దివిసీమకు ఆ చెట్ల విలువ వేరే చెప్పనక్కరలేదు. వాటిని నరికి, చెత్త పోసి చేసే అభివృద్ధి ఎవరికీ వద్దు.

కావలసినవి చిన్నవే

పెద్ద హోటళ్లు కట్టేదాకా ఆగనక్కరలేదు. మంచినీరు, ఆడవారికి మరుగుదొడ్లు, చీకటి పడ్డాక ఒక బస్సు, ప్రతి చోటా తెలుగులో ఒక బోర్డు వుంటే చాలు. నదీ సంగమం వద్ద నీటి పోటు తెలియక దిగితే ప్రాణాలకే ముప్పు. అందువల్ల పర్వదినాలలో హద్దు తాళ్లు, ఈత వచ్చిన కాపలాదారులు తప్పనిసరి. మత్స్యకార యువకుల కన్నా ఆ పనికి తగినవారు ఎవరు?

శుభ్రమైన గది, వేడి అన్నం, చేపల పులుసు పెట్టగల ఇళ్లు ఏ ఊళ్లోనైనా వున్నాయి. పంచాయతీలు, మహిళా సంఘాలు పూనుకుంటే ఆ ఆదాయం బయటివారికి పోదు. మన ఊరి కథ చెప్పగల పెద్దలు ఇంకా అరుగుల మీద వున్నారు. అడిగి తెలుసుకునే పని ముందు మన పిల్లలతోనే మొదలు కావాలి.