సమ్మె పటము

సికిందరాబాదు చేరువనున్న యాప్రాల్‌లో కాపురముండువారికి పటముపై యుద్ధము అను మాట వింతగా తోచదు. చుట్టును సైనిక స్థావరములు, వీధి వీధికిని విశ్రాంత సేనాధికారుల గృహములు, చేరువనే సైనిక్‌పురిలో త్రివిధ దళముల అధికారులకు నిర్వహణవిద్య గఱపు కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంటు నున్న ఈ ప్రాంతమున, దేశపటమును బల్లపై పఱచి, ఇరుపక్షముల బలములను బిళ్లలుగా పేర్చి, బుద్ధిబలమును పరీక్షించుట ఎఱుగని విద్య కాదు. 1824లో ప్రష్యా సేనయందు రైస్‌విట్జ్ అను అధికారి ప్రవేశపెట్టిన క్రీగ్‌ష్పీల్ నేటి వ్యూహక్రీడలలో పెక్కింటికి మూలము. కాని నడచుటకు మాఱు నిలిచిపోవుటయే ఆయుధముగాగల పక్షమును, అనగా సమ్మె కట్టిన కార్మికులను, అట్టి పటముపై ఎట్లు నిలుపవలెను?

ఈ చిక్కును మన పూర్వులు పులిజూదములో ఎన్నడో విడదీసిరి. గుడి మంటపముల బండలపై నేటికిని కనబడు ఆ గీతలలో 23 స్థానములు, వానిపై 3 పులులు, 15 మేకలు. పులి దూకి మేకను చంపగలదు, మేకకు చంపు శక్తి లేదు. అయినను మేకలన్నియు ఒకదాని నొకటి ఆనుకొని నిలిచి, పులికి అడుగుపెట్ట తావు లేకుండ చేసినచో గెలుపు మేకలదే. సమబలములతో ఆడు చదరంగము రాజుల పోరునకు తగును గాని సమ్మెకు తగదు. పులిజూదమునకును సమ్మెకును ఒక్క భేదము మాత్రము కలదు, అది చిన్నది కాదు. పులిజూదమున మేకకు ఆకలి లేదు. ఎంతసేపు నిలువుమనిన అంతసేపు నిలుచును. సమ్మె కట్టినవానికి ఇల్లు కలదు, అంగడిలో బాకీ కలదు, ఒకటవ తారీఖు కలదు. అచట కాలము పులి పక్షము.

ఇట్టి ఆటకు మన దేశచరిత్రలో 1974 నాటి రైల్వే సమ్మెను మించిన వస్తువు లేదని నా తలంపు. మే 8న మొదలై 27న విరమింపబడిన ఆ సమ్మెలో సుమారు 17 లక్షలమంది పాల్గొనిరని ప్రసిద్ధి. ఇంజను కదలినది మొదలు గమ్యము చేరువఱకు ఎన్ని గంటలైనను పనివేళయే అను నిబంధనపై లోకో సిబ్బంది 1973లోనే తిరుగబడిరి. ఆ పిమ్మట ఎనిమిది గంటల పని, బోనసు, ప్రభుత్వరంగ సంస్థలతో సమానమైన వేతనము అను కోరికలతో ఉద్యమము విస్తరించెను. చర్చలు ముగియకమునుపే మే 2న సమ్మె నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌ను నిర్బంధించిరి. అనగా పందెము మొదలుకాకముందే ప్రధానమైన పావును ప్రభుత్వము ఎత్తివేసెను.

సమ్మె దేశవ్యాప్తమైనను, మన ఆటకు దక్షిణ మధ్య రైల్వే పటము చాలును. 1966 అక్టోబరు 2న సికిందరాబాదు కేంద్రముగా ఏర్పడిన ఆ రైల్వేకు, నిజాము కాలమునుండి వచ్చిన లాలాగూడ వర్క్‌షాపు ఒక గుండెకాయ. ఢిల్లీ మదరాసు దారి నిలుపదలచినవానికి కాజీపేట, విజయవాడ జంక్షనులు రెండు పీకనొక్కుచోట్లు. సింగరేణి బొగ్గు కదలనిచో విద్యుత్కేంద్రములలో నిలువ తఱుగును. కార్మిక పక్షమువాడు ఈ స్థానములను మనుష్యులతో నింపవలెను, కాని నింపిన ప్రతి స్థానమునకును దినదినము ఇంటి ఖర్చు క్రింద బిళ్లలు చెల్లింపవలెను. ప్రభుత్వ పక్షమువానికి ఆ ఖర్చు లేదు. వానికి ముందుగా కూడబెట్టిన బొగ్గు కలదు, భారతరక్షణ నిబంధనల క్రింద నిర్బంధములు కలవు, క్వార్టర్లు ఖాళీ చేయించు ఉత్తరువులు కలవు, బండ్లు నడపుటకు టెరిటోరియల్ ఆర్మీ రైల్వే దళములు కలవు. సమ్మెకు దూరముగా నిలిచిన వేఱొక కార్మిక సమాఖ్య యుండుటచేత, మేకలలోనే కొన్ని పులి చెప్పినట్లు కదలును. పులిజూదము గీసినవానికి ఈ ఊహ తట్టలేదు. ఇక మే 18న పోఖరణ్‌లో జరిగిన అణుపరీక్ష. పదునొకండవ దినమున ప్రజల దృష్టిని ఒక్క పెట్టున మరల్చిన ఆ ముక్క ప్రభుత్వ పక్షమువాని చేతిలో నుండవలెనా, ఎవరి చేతిలోను లేక కాలక్రమమున వచ్చి పడవలెనా అను విషయమై ఆటను కట్టువాడు తన రాజకీయమును దాచుకొనజాలడు.

విదేశములలో ఇట్టి ప్రయత్నములు జరిగినవి. న్యూయార్కులో రాజనీతిశాస్త్ర ఆచార్యుడగు బెర్టెల్ ఓల్‌మన్ 1978లో "క్లాస్ స్ట్రగుల్" అను ఆటను వెలువరించెను. పాచిక పడిన తీరునుబట్టి ఒకడు కార్మికుడు, ఒకడు పెట్టుబడిదారుడు అగుట చమత్కారమే గాని, పాఠము ముందును ఆట వెనుకను నడచును. టీసా కలెక్టివ్ వారి "స్ట్రైక్!" అను ఆటలో ఆడువారందఱు కార్మిక పక్షమే, యాజమాన్యపు ఎత్తులను ముక్కల కట్ట వేయును. ఇది నాకు రుచింపదు. 1974 నాటి ప్రభుత్వము గ్రుడ్డి ముక్కల కట్ట కాదు, మిక్కిలి ముందుచూపు గల ఆటగాడు. ఈ విషయమున జి.ఎం.టి. సంస్థ 2019లో తెచ్చిన "గాంధీ" మేలైనది. అందు రాజ్, కాంగ్రెసు, ముస్లిం లీగు, విప్లవకారులు అను నాలుగు పక్షములకును మనుష్యులే ఎదురెదురుగా కూర్చుండి ఆడవచ్చును, ఒక్కొక్క పక్షపు గెలుపునకు ఒక్కొక్క కొలత. యాప్రాల్‌లో ఒక బల్లకు ఈవంక విశ్రాంత కర్నలును, ఆవంక లాలాగూడలో పనిచేసి విరమించిన ఫిట్టరును కూర్చుండినచో, కర్నలుగారిని కార్మిక పక్షమున కూర్చుండబెట్టుమనియే నా సలహా.

అన్నింటికంటె కష్టమైనది గెలుపును లెక్కించుట. ఇరువది దినములతో ఆట ముగిసినదన్నచో కార్మికులు నిస్సందేహముగా ఓడిరి. సమ్మెను ఏ షరతును నెగ్గించుకొనకయే విరమించిరి, వేలమంది ఉద్యోగములు పోయినవి. 1977లో జనతా ప్రభుత్వము వచ్చి వారిని తిరిగి పనిలోనికి తీసికొనెను. 1979లో బోనసు అంగీకరింపబడెను. కావున చివర రెండవ లెక్క యొకటి వేయక తప్పదు. అయితే రానున్న బోనసు నెఱిగి ఆడువాడు కడదాక తెగించి నిలుచును; 1974 మేలో క్వార్టరు ఖాళీ చేయుమను నోటీసు అందుకొనిన ఫైర్‌మన్‌కు ఆ ఎఱుక లేదు. ఆ రెండవ లెక్క కాగితమును కవరులో పెట్టి అంటించి, ఆట ముగిసి ఓటమి ఒప్పుకొనినపిమ్మటనే విప్పవలెను.