కామెంటరీ కట్టేసే మీట ఏదీ?

ఐపీఎల్ వచ్చిందంటే మా ఇంట్లో గొడవ ఛానల్ కోసం కాదు, సౌండ్ కోసం. మా పెదనాన్నకి చూపు బాగా తగ్గింది. టీవీ పక్కనే కుర్చీ వేసుకుని మ్యాచ్ వింటారు. నాకేమో బ్యాట్ చప్పుడూ జనం హోరూ వినబడితే చాలు. ఇప్పుడొస్తున్న కామెంటరీ మా ఇద్దరిలో ఎవరికీ పనికిరావడం లేదు.

ఆఖరి ఓవర్. బౌలర్ పరుగు అందుకున్నాడు. కామెంటరీ బాక్సులో ఒకాయన సినిమా డైలాగ్ విసిరాడు, రెండో ఆయన పగలబడి నవ్వాడు, ప్రచారానికొచ్చిన హీరో తన సినిమా రిలీజ్ తేదీ చెబుతున్నాడు. ఈలోగా బంతి బౌండరీ దాటేసింది. "ఎటు కొట్టాడ్రా?" అని పెదనాన్న నన్నడిగారు. "మిడ్‌వికెట్ మీదుగా ఫోర్" అని నేనే చెప్పాల్సి వచ్చింది.

ఆయన ఆలిండియా రేడియో కాలం మనిషి. రేడియోలో ఫీల్డర్లు ఎక్కడున్నారో, బంతి ఎటు పోయిందో, స్కోరెంతో చెప్పకపోతే వినేవాడికి మ్యాచే లేదు. టీవీలో అవన్నీ కళ్ళముందే ఉంటాయి కాబట్టి మాట తగ్గాలి. బొమ్మకి ఏదైనా కలపగలిగితేనే నోరు తెరవాలన్నది పాతతరం వ్యాఖ్యాత రిచీ బెనో పద్ధతి.

టీవీ మ్యూట్ చేసి రేడియో పెట్టుకోవచ్చుగా అంటారు. ఉపగ్రహం మీదుగా వచ్చే బొమ్మ కొన్ని సెకన్లు ఆలస్యం, ఫోన్‌లో స్ట్రీమింగ్ అయితే ఇంకా ఆలస్యం. బౌలర్ ఇంకా పరుగెత్తుతుండగానే రేడియో వికెట్ పడిందని చెప్పేస్తుంది. బీబీసీ రేడియోలో 1957 నుంచి వస్తున్న టెస్ట్ మ్యాచ్ స్పెషల్‌ని టీవీ మూగగా పెట్టుకుని వినే ఇంగ్లండు వాళ్ళకీ డిజిటల్ ప్రసారాలొచ్చాక ఇదే తంటా.

నిజానికి మనకు కావాల్సిన శబ్దం తయారుగానే ఉంది. స్టంప్ మైకూ బౌండరీ మైకులూ పట్టే మైదానం ధ్వని ఒక దారిలో, వ్యాఖ్యాతల గొంతు మరో దారిలో వస్తాయి. మాటల్లేని ఆ ధ్వనిని ఇంటర్నేషనల్ సౌండ్ అంటారు. దానిమీదే ఏ భాష వాళ్ళు ఆ భాష కలుపుకుంటారు. 2023 ఐపీఎల్‌ని జియోసినిమా తెలుగుతో సహా 12 భాషల్లో ఇచ్చింది. పన్నెండు ఇవ్వగలిగినప్పుడు, పదమూడోదిగా ఉత్త మైదానం చప్పుడు ఇవ్వడానికి అడ్డమేమిటి?

అమెరికాలో ఈ ముచ్చట ఎప్పుడో తీరింది. 1980 డిసెంబర్ 20న ఎన్‌బీసీ ఛానల్ జెట్స్, డాల్ఫిన్స్ జట్ల అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌ని వ్యాఖ్యాతలే లేకుండా ప్రసారం చేసింది. వివరాలు తెరమీద అక్షరాల్లో చూపించి, మైదానం సవ్వడి వినిపించింది.

మనకూ అలాంటిది వచ్చేవరకూ మన చేతిలో ఉన్నది కొంచెమే. సెట్‌టాప్ బాక్స్ రిమోట్‌లో ఆడియో లేదా లాంగ్వేజ్ మీట నొక్కి చూడండి. కొన్ని ఛానళ్ళలో ఇంకో భాష దొరుకుతుంది. హోమ్ థియేటర్ ఉండి, ప్రసారం 5.1 ధ్వనిలో వస్తుంటే మధ్య స్పీకర్ తగ్గించండి. కామెంటరీ ఎక్కువగా అందులోంచే వస్తుంది కాబట్టి జనం హోరు పైకి తేలుతుంది.

సినిమా డైలాగులు తీసెయ్యమని నేననను. మా పక్కింటి కుర్రాళ్ళు వాటికి ఈలలు వేస్తారు. వాళ్ళ ముచ్చట వాళ్ళది. దాంతోపాటు మైదానం చప్పుడొకటి, చూపు లేనివాళ్ళ కోసం రేడియో తరహా వర్ణన ఒకటి ఇమ్మంటున్నాను. చందా అందరి దగ్గరా వసూలు చేస్తున్నప్పుడు, ఏది వినాలో ఎంచుకునే హక్కూ అందరికీ ఉండాలి.