బడి ముగిసిన మరునాడు

“నా కన్ను మూసిన తరువాత వీడిని ఎవరు చూస్తారు?”

ఆటిజం, మేధోవైకల్యం, సెరిబ్రల్ పాల్సీ వంటి స్థితితో పుట్టిన బిడ్డ ఉన్న ఇంట ఈ ప్రశ్న ఏదో ఒక రాత్రి తల్లి పెదవులపైకి రాక మానదు. కొందరు తల్లులు తహజ్జుద్ సజ్దాలో చేసుకునే దుఆ మరింత హృదయ విదారకమైనది: “యా అల్లాహ్! నాకన్నా ఒక్క రోజు ముందు నా బిడ్డను నీ దగ్గరకు పిలుచుకో.” ఆ తల్లి కఠినురాలు కాదు. తన తరువాత ఆ చేయి అందుకునేవారెవరూ ఆమెకు కనిపించడం లేదు. ఆమె చేత అటువంటి దుఆ చేయిస్తున్న పరిస్థితికి కుటుంబం, బంధువర్గం, మొహల్లా అందరూ జవాబుదారులే.

పద్దెనిమిదేళ్ల గీత

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం లేదా అంతకుమించిన వైకల్యం గల పిల్లలకు 6 నుండి 18 ఏళ్ల వరకు సమీప పాఠశాలలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకునే హక్కునిచ్చింది. తెలుగు రాష్ట్రాలలో మండల స్థాయిలో నడిచే భవిత కేంద్రాలు, ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు, పరీక్షలలో అదనపు సమయం, లేఖకుని సహాయం ఈ ఏర్పాట్లలో భాగాలే. బడికి రాలేనంత తీవ్ర వైకల్యం గల పిల్లలు ఇంటి వద్దనే విద్య పొందే అవకాశం 2012లో విద్యాహక్కు చట్టానికి చేసిన సవరణతో కలిగింది.

కాని ఈ ఏర్పాట్లలో అధికభాగం పద్దెనిమిదేళ్ల గీత దగ్గర ఆగిపోతాయి. పన్నెండేళ్లు ప్రతి ఉదయం తయారై బడికి వెళ్లిన బిడ్డ ఒకరోజు హఠాత్తుగా గుమ్మం దగ్గరే నిలిచిపోతాడు. తోటివారు కళాశాలకో, పనికో వెళతారు. ఇతడికి నాలుగు గోడలు, ఒక టీవీ మిగులుతాయి. కష్టపడి నేర్చుకున్న విద్యలు వాడుక లేక ఒక్కొక్కటిగా జారిపోతాయి. అందుకే బడి తరువాతి జీవితానికి ప్రణాళిక పద్నాలుగో ఏటనే మొదలు కావాలి.

కరుణతో పాటు బాధ్యత

దివ్య ఖుర్ఆన్‌లోని ‘అబస’ సూరా అవతరణకు కారకులైన అంధ సహాబీ హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (ర) వృత్తాంతం మనకు తెలిసినదే. ఆ సంఘటన తరువాత దైవప్రవక్త (స) ఆయనను ఎంతో ఆదరించారు. అయితే ఆదరణతోనే సరిపెట్టలేదు. హజ్రత్ బిలాల్ (ర)తో పాటు ఆయనకూ అజాన్ బాధ్యత అప్పగించారు. తాము ప్రయాణమై వెళ్లిన సందర్భాలలో మదీనాలో తమ ప్రతినిధిగా నిలిపారు. మన ఇళ్లలో లోపిస్తున్నది ఈ రెండవ భాగమే. బిడ్డను ముద్దు చేస్తాం, తినిపిస్తాం. పని మాత్రం అప్పగించం.

పద్నాలుగు నుండి పద్దెనిమిది లోపు నేర్పవలసినవి చిన్నవిగానే కనిపిస్తాయి. సొంతంగా స్నానం చేయడం, వుజూ చేసుకోవడం, నోట్లను గుర్తించడం, రోడ్డు దాటడం, ఇంటి చిరునామా చెప్పడం, తన శరీరాన్ని తాకరాని విధంగా ఎవరైనా తాకితే “వద్దు” అని అరవడం, ఆడపిల్లకు నెలసరి శుభ్రత. ఈ ఒక్కొక్కటీ రేపు ఆ బిడ్డ గౌరవాన్ని కాపాడే కోట గోడలో ఒక్కొక్క ఇటుక. జుమా నమాజుకు కొడుకును వెంట తీసుకువెళ్లడం కూడా శిక్షణే. పక్క వరుసలోని నలుగురు అతడిని పేరుతో పలకరించడం మొదలైతే తండ్రికి సగం ధైర్యం వచ్చినట్లే.

వృత్తి శిక్షణ విషయంలో మన ముంగిటనే ఒక జాతీయ సంస్థ ఉంది. మేధోవైకల్యం గలవారి కోసం 1984లో సికింద్రాబాద్‌లో నెలకొన్న సంస్థ నేడు ఎన్‌ఐఈపీఐడీ పేరుతో పనిచేస్తున్నది. బిడ్డ శక్తిసామర్థ్యాల అంచనా, తల్లిదండ్రులకు సలహా, వృత్తి శిక్షణ అక్కడ లభిస్తాయి. సాధారణ పరీక్షలు కష్టమైన వారికి సార్వత్రిక విద్యా విధానం మరో దారి. ప్రభుత్వోద్యోగాలలో దివ్యాంగులకు గల 4 శాతం రిజర్వేషన్‌లో ఆటిజం, మేధోవైకల్యం, అభ్యసన వైకల్యం గలవారికీ చోటుంది. ఇక బేకరీ, కిరాణా, కుట్టుపని, ప్యాకింగ్ వంటి వ్యాపారాలు నడిపే మన సోదరులు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: నా దుకాణంలో రోజూ ఒకే తీరుగా జరిగే పని ఒకటి ఈ బిడ్డకు అప్పగించలేనా? దానిని సదఖాగా కాక న్యాయమైన వేతనం ఇచ్చే ఉద్యోగంగానే అప్పగించాలి.

పెళ్లి మందు కాదు

“పెళ్లి చేస్తే అదే బాగవుతుంది” అనే మాట మన బంధువర్గంలో తరచుగా వినిపిస్తుంది. వైకల్యాన్ని దాచి పేదింటి పిల్లను కోడలిగా తెచ్చి, జీవితాంతం సేవకురాలిని చేయడం స్పష్టమైన మోసం. దివ్యాంగులకు వివాహ హక్కు ఉంది. కాని వాస్తవం ఇరుపక్షాలకూ తెలియాలి, వధూవరులకు నికాహ్ అర్థం కావాలి, సమ్మతి స్వేచ్ఛగా ఉండాలి. తల్లిదండ్రుల స్థానంలో కాపలాదారును సంపాదించే ఉపాయం కాదు నికాహ్.

వ్రాసిపెట్టవలసిన అమానతు

పద్దెనిమిదేళ్లు నిండగానే చట్టం దృష్టిలో బిడ్డ మేజర్. అటుపై బ్యాంకులో, ఆస్తి వ్యవహారాలలో “నేను తండ్రిని” అన్న మాట ఒక్కటే చాలదు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం ప్రకారం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యం గలవారికి అవసరమైనచోట జిల్లా స్థాయి కమిటీ సంరక్షకుని నియమిస్తుంది. ఆ సంరక్షకుడు ఆరు నెలలలోగా ఆస్తి జాబితాను, ఆపై ఏటేటా లెక్కలను సమర్పించాలి. ఇదే ట్రస్టు నడిపే ‘నిరామయ’ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు భరిస్తుంది. వీటికి మూలాధారం వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు. అవి లేని కుటుంబం మొట్టమొదట వాటి కోసమే కదలాలి.

షరీఅత్ దృష్టిలో ఇది కొత్త విషయం కాదు. తన వ్యవహారం తాను చెప్పలేని బలహీనుని పక్షాన అతని వలీ న్యాయంగా చెప్పి వ్రాయించాలని ‘బఖరా’ సూరా ఆదేశిస్తున్నది. ఆస్తిని నిర్వహించుకోలేని వారికి దానిని అప్పగించక, అందులో నుండే అన్నవస్త్రాలు సమకూర్చి మంచిగా మాట్లాడమని ‘నిసా’ సూరా బోధిస్తున్నది. కనుక “వీడికి ఆస్తి ఎందుకు, మేం చూసుకుంటాంగా” అంటూ దివ్యాంగుని వారసత్వ భాగాన్ని మింగివేసే హక్కు ఏ అన్నకూ లేదు. అతని భాగం అతనిదే. నిర్వహణ మాత్రమే వలీది.

మరొక విషయం. వసీయత్ ద్వారా మూడో వంతు వరకు ఇవ్వవచ్చునని చాలామందికి తెలుసు. కాని వారసునికి చేసే వసీయత్ ఇతర వారసుల సమ్మతి లేనిదే చెల్లదు. ఈ బిడ్డ కూడా వారసుడే. అదనంగా ఏదైనా సమకూర్చదలిస్తే జీవించి ఉండగానే, తక్కిన సంతానానికి కారణం చెప్పి, ఆలిమ్‌నూ న్యాయవాదినీ కలిసి చేయడం మేలు. కానుకలలో సంతానం మధ్య న్యాయం పాటించమన్న ప్రవక్త (స) ఆదేశాన్ని గుర్తుంచుకుంటూనే, వైకల్యం వంటి నిజమైన అవసరం ఉన్నప్పుడు అధికంగా ఇవ్వడాన్ని అనుమతించిన ఫిఖ్హా పండితులూ ఉన్నారు. తండ్రి ప్రభుత్వోద్యోగి అయితే, సంపాదించుకోలేని బిడ్డకు జీవితాంతం కుటుంబ పింఛను వర్తించేలా ఉద్యోగంలో ఉండగానే వివరాలు నమోదు చేయించాలి.

తోబుట్టువులతో ముందే మాట్లాడాలి. వారు అవునంటారని అనుకోవడం వేరు, కూర్చోబెట్టి అడగడం వేరు. ఒకరు డబ్బు చూస్తారు, ఒకరు వైద్యం చూస్తారు, ఒకరు వారానికొకసారి వచ్చి పలకరిస్తారు. ఎవరి శక్తి మేరకు వారు. తల్లి ఒక నోటుపుస్తకం తెరిచి, తనకు మాత్రమే తెలిసినవన్నీ వ్రాయాలి: ఏ మందు ఏ వేళకు, ఏ శబ్దానికి భయపడతాడు, ఏ కూర తినడు, కోపం వస్తే ఏ మాటకు శాంతిస్తాడు. ఆమె లేని రోజున ఆ పుస్తకమే బిడ్డ పక్షాన మాట్లాడుతుంది.

భద్రమైన చేతులకు అప్పగించేవరకు అమానతు భారం దిగదు. ఈ రంజాన్‌లో జకాత్ లెక్కలు చూసే వేళ, ప్రతి మస్జిద్ కమిటీ తన మొహల్లాలో ఇటువంటి బిడ్డలెందరో లెక్కించి, వారి గుమ్మం తట్టగలిగితే, ఆ తల్లి సజ్దాలో దుఆ మారుతుంది. “యా అల్లాహ్! నా తరువాత కూడా నా బిడ్డను సుఖంగా ఉంచు” అని నిశ్చింతగా కోరుకోగలుగుతుంది.

బలహీనుల పట్ల మన బాధ్యతను నెరవేర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.