పటేల్ షాట్ వద్దు, సంఘం షాట్ పెట్టు

విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం రింగు సెంటర్లో హైదరాబాద్ దారి పట్టి నందిగామ, కోదాడ, సూర్యాపేట దాటి, నగరం రద్దీలోంచి బయటపడి, సంగారెడ్డి మీదుగా అలాగే ముందుకు పోతే జహీరాబాద్ వస్తుంది. ఈ కొసన, ఆ కొసన ఉన్నది ఒకే రోడ్డు, 65వ నంబరు జాతీయ రహదారి. జహీరాబాద్ పక్కనే పస్తాపూర్. ఇంట్లో కూర్చుని చూడదగ్గ డాక్యుమెంటరీలేవి అని ఆరా తీస్తే, తెలుగువాళ్లు మొదట చూడాల్సిన సరుకు ఆ ఊళ్లో తేలింది.

సంపాదకులు అడిగింది నిజానికి ఇది కాదు. సెలవులొచ్చాయి, ఇంటిల్లిపాదీ చూసేలా పది పేర్లు, పేరుకి నాలుగు వాక్యాలు, గురువారం సాయంత్రానికల్లా కావాలన్నారు. ఆ పదీ ఎవరైనా చెప్తారు. ఆక్టోపస్సులు, తిమింగలాలు, కోట్లు ఎగ్గొట్టిన పెద్దమనుషులు ఎలాగూ ఓటీటీలో ముందు వరసలోనే కూర్చుని ఉంటారు. పస్తాపూర్ సినిమాలకు పోస్టరూ లేదు, ట్రైలరూ లేదు. కాబట్టి ఈ కథనంలో పెద్దపీట వాళ్లకే. మిగతావాళ్లు బాక్సుల్లో సర్దుకోవాలి.

పి.వి. సతీష్ మైసూరు మనిషి. దూరదర్శన్‌లో ఏళ్ల తరబడి కార్యక్రమాలు తీశారు. 1983లో మిత్రులతో కలిసి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పెట్టి జహీరాబాద్ పల్లెల్లో స్థిరపడ్డారు. అక్కడి మహిళా సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. మెట్ట చేలలో జొన్న, కొర్ర, సామ పండించుకుంటూ, విత్తనం తామే దాచుకునేవాళ్లు. 1990ల చివర్లో వాళ్లలో కొందరి చేతికి వీడియో కెమెరా వచ్చింది. చదువు రాని చేతులవి. మీటల మీద ఏం రాసుందో చదవలేరు గనక ఏ గుర్తు ఎక్కడుందో, నొక్కితే ఏమవుతుందో పట్టుకుని నేర్చుకున్నారు. 2001 నాటికి కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ పేరుతో సొంతంగా సినిమాలు తీయడం మొదలైంది. చిన్న నర్సమ్మ, హుమ్నాపూర్ లక్ష్మమ్మ లాంటి పేర్లు అలా బయటి ప్రపంచానికి తెలిశాయి.

వాళ్లు షాట్లకు పెట్టుకున్న పేర్లు సినిమా బడుల్లో దొరకవు. కెమెరాను కిందపెట్టి మనిషిని పైకి చూపిస్తే అది పటేల్ షాట్. అరుగు మీద కూర్చున్న పటేలును కింద నేల మీది కూలి ఎలా చూస్తుందో, అలా. కెమెరా పైనుంచి కిందికి చూస్తే బానిస షాట్. అదే పటేలు కళ్లకు కూలి కనపడే తీరు. ఇక సంఘం మీటింగులో అందరూ గుండ్రంగా నేల మీద కూర్చుంటారు, ఒకరి కళ్లు ఒకరికి సమానంగా ఉంటాయి. కెమెరాను ఆ ఎత్తులో పెడితే సంఘం షాట్. తమ సినిమాల్లో మనుషుల్ని చూపించడానికి వాళ్లు కోరుకున్నది ఇదే. ఇది తెలిశాక మన పెద్ద హీరో ఎంట్రీ సీను చూడండి. కెమెరా ఎక్కడుందో వెతకాల్సిన పని ఉండదు!

వాళ్లకు పేరు తెచ్చిన సినిమా వరంగల్ పత్తి రైతుల మీద తీసింది. 2002 మార్చిలో కేంద్రం జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. అప్పటికి వరంగల్ జిల్లా 1997-98 నాటి పురుగు దెబ్బను, రైతుల ఆత్మహత్యలను ఇంకా మరిచిపోలేదు. పురుగు పట్టదన్న విత్తనం వస్తే ఆశ పుట్టదా? ఆ ఖరీఫ్‌లో పస్తాపూర్ ఆడవాళ్లు కెమెరా పట్టుకుని వరంగల్ చేలకు వెళ్లారు. ఒకసారి చూసి రాలేదు. పంటకాలం పొడుగునా అవే చేలకు మళ్లీ మళ్లీ పోయి, అదే రైతులతో మాట్లాడారు. 2003లో సినిమా బయటికొచ్చింది. దాని ఇంగ్లీషు పేరు 'వై ఆర్ వరంగల్ ఫార్మర్స్ యాంగ్రీ విత్ బీటీ కాటన్'. వరంగల్ రైతుకు బీటీ పత్తి మీద కోపమెందుకు అని సూటి ప్రశ్న.

ఇందులో చూడాల్సింది రైతులు మాట్లాడే తీరు. టీవీ మైకు ముందు రైతు ఒకలా మాట్లాడతాడు. చేలో దిగి కాయ చిదిమి చూసే సాటి రైతు అడిగితే ఇంకోలా చెప్తాడు. మందుల ఖర్చెంత, కాయ ఏ సైజు, మార్కెట్లో రేటెంత పలికింది, ఇలా లెక్కలన్నీ నోటితోనే దొర్లుతాయి. విత్తేటప్పటి ఆశకు, ఏరేటప్పటి మాటకు మధ్య తేడా చూపడానికి వ్యాఖ్యాత గొంతు పెంచాల్సిన పనిలేకపోయింది.

ఒక మాట చెప్పుకోవాలి. ఇది ఒక పక్షాన నిలబడి తీసిన సినిమా. తీసినవాళ్లు ఆ విత్తనానికి ముందునుంచీ వ్యతిరేకులు. ఆ తొలి మూడు బీటీ రకాలకు 2005లో ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి ఆగిన మాట నిజం. ఆ తర్వాత కొత్త బీటీ రకాలొచ్చి దేశంలో పత్తి సాగును దాదాపు మొత్తం ఆక్రమించిన మాటా అంతే నిజం. నందిగామ, కంచికచర్ల చేలలో ఇప్పుడు బీటీ కాని పత్తి కోసం వెతుక్కోవాలి. సినిమా తేల్చింది ఒప్పుకోనక్కర్లేదు, కానీ ఆ ఏడాది చేలో ఏం జరిగిందో చూడ్డానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం దొరకడం కష్టం. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. 2008లో మొదలైన సంఘం రేడియో, 2019లో సంఘాలకు దక్కిన ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి ఈ కథకు కొనసాగింపు.

మన డాక్యుమెంటరీల చరిత్ర కావాలంటే క్లుప్తంగా ఇదీ. సర్కారువారి ఫిల్మ్స్ డివిజన్ 1948లో పుట్టింది. దాని సినిమాలు వచ్చిన మొదటి అయిదు భాషల్లో తెలుగూ ఉంది. అప్పట్లో ప్రతి ఆటకు ముందు దాని సినిమా వేయాల్సి వచ్చేది, థియేటరు లైసెన్సు షరతు అది. వేసినందుకు అద్దె కూడా థియేటరువాళ్లే కట్టేవారు. జనం ఆ న్యూస్‌రీలు అయ్యేదాకా బయట బీడీ కాల్చుకునేవారు. డాక్యుమెంటరీ అంటే నీతిబోధ అనే భయం మనకు అక్కణ్ణుంచే పట్టుకుంది. ఆ సంస్థ 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిసిపోయింది. నిర్బంధంగా చూపించిన ఆ గుట్టలోనే 1967 నాటి 'ఐ యామ్ 20' ఉంది. స్వాతంత్ర్యంతో పాటు పుట్టిన కుర్రాళ్లను రైలెక్కి వెతుక్కుంటూ పోయి, దేశం గురించి ఏమనుకుంటున్నారని ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి అడిగారు. ఇరవై నిమిషాలు. దేశమంటే ప్రేమ లేదని మొహం మీదే చెప్పినవాణ్ణి కూడా కత్తిరించలేదు. సర్కారు సొమ్ముతో తీసిన సినిమాలో!

బాక్సు 1: తెలుగు నేల మీంచి

దీపా ధన్‌రాజ్ 'క్యా హువా ఇస్ షహర్ కో' (1986). 1984 హైదరాబాద్ అల్లర్లు, కర్ఫ్యూలో రోజుకూలీ పోగొట్టుకున్న పాతబస్తీ ఇళ్లు. బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ చొరవతో డిజిటల్ రూపంలో బతికింది. కాస్త గుండె దిటవు చేసుకుని చూడాలి.

'నీరోస్ గెస్ట్స్' (2009). వి.వి. గిరి మనవడు, పాత్రికేయుడు పి. సాయినాథ్ వెంట విదర్భ పల్లెల్లో దీపా భాటియా తీసింది. ముంబయి ఫ్యాషన్ వారోత్సవానికి వందల్లో విలేకరులు, రైతుల చావుల దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఆయన కోపం అక్కడ.

'ఐ యామ్ సత్యభామ'. కూచిపూడిలో పుట్టి, స్త్రీ వేషంతో దేశాన్ని మెప్పించిన వేదాంతం సత్యనారాయణ శర్మ మీద దూలం సత్యనారాయణ తీసింది. తెర మీదుగా జడ విసిరే భామ మన మొవ్వ మండలం ఆడపడుచే కదా.

'మోడర్న్ మాస్టర్స్: ఎస్.ఎస్. రాజమౌళి' (2024, నెట్‌ఫ్లిక్స్). పొగడ్తలే ఎక్కువ. నటులకు ఆయన స్వయంగా నటించి చూపించే తునకల కోసం చూడొచ్చు.

బాక్సు 2: పిల్లలతో

'ది ఎలిఫెంట్ విస్పరర్స్' 41 నిమిషాలు. ముదుమలైలో తల్లిలేని ఏనుగు పిల్ల రఘును సాకిన బొమ్మన్, బెల్లీల కథ. 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చిన రాత్రే దీనికీ వచ్చింది.

అదే రాత్రి ఆస్కార్ చేజారిన 'ఆల్ దట్ బ్రీత్స్' పెద్ద పిల్లలకు. ఢిల్లీ పొగలో రెక్కలు దెబ్బతిని రాలిపడే గద్దలకు ఇద్దరు అన్నదమ్ములు ఇంటి బేస్‌మెంటులో వైద్యం చేస్తారు. మాంసం తినే పక్షి అని పక్షుల ఆసుపత్రి చేర్చుకోకపోతే మొదలుపెట్టిన పని. 1979 నుంచి తాతారావు థర్మల్ కేంద్రం పొగగొట్టాల కింద బతుకుతున్న ఇబ్రహీంపట్నం వాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

ఏపీ ఫైబర్‌నెట్ 2017 చివర్లో 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, ఫోను అంటూ వచ్చాక పల్లెల్లో కూడా తెర కొరత తగ్గింది. ఓటీటీల్లో సినిమాలు చోటు మారుతుంటాయి కాబట్టి పేరుతో వెతుక్కోండి. పస్తాపూర్ సినిమాలు కొన్ని యూట్యూబులో ఉన్నాయి, పైసా ఖర్చు లేదు. ముందు వరంగల్ పత్తి సినిమాయే పెట్టండి. నందిగామ వైపు పత్తి వేసే చుట్టాలుంటే వాళ్లనూ పిలిచి కూర్చోబెట్టండి. సినిమా చెప్పింది తప్పో ఒప్పో వాళ్లనే అడగండి.