మలాశయము వెనుకనుండు తిత్తి – యంత్రహస్తములతో శస్త్రచికిత్స

నేడు నేను చెప్పబోవు వ్యాధి మిక్కిలి అరుదైనది. అమెరికాలోని మేయో వైద్యశాలవారు 1985లో ప్రకటించిన లెక్కనుబట్టి, మలాశయము వెనుక పెరుగు గడ్డలన్నియు కలిపినను, ఆసుపత్రిలో చేరిన 40,000 మందిలో ఒకరికి మాత్రమే కనబడినవి. ఇంత అరుదైన దానితో మనకేమి పని యని మీరడుగవచ్చును. అరుదగుటచేతనే అది గుర్తింపబడక, మొలలనియు భగందరమనియు భ్రమింపబడి, కొందరిని ఏండ్లతరబడి బాధించుచున్నది. ఇంటి పెద్దలు దీని నెరిగియుండుట మేలని నా నమ్మకము.

నడుము క్రింద వెడల్పైన త్రికాస్థియు, దాని కొనను ముడ్డిపూసయు కలవు. వాని ముందు మలాశయమున్నది. ఈ రెంటి నడుమ ఇరుకైన చోటొకటి కలదు. గర్భస్థ శిశువునకు తొలి వారములలో చిన్న తోకయు, అందులోనికి సాగిన ప్రేగు కొసయు ఉండును. ఎనిమిదవ వారమునాటికి ఇవి సాధారణముగా అణగిపోవును. ఆ ప్రేగు తునక మిగిలిపోయినచో, జిగురునీరు ఊరు తిత్తియై ఆ ఇరుకుచోట మెల్లగా పెరుగును. పుట్టుకతో వచ్చినదే యైనను, అది నడివయస్సున, అందును స్త్రీలలో ఎక్కువగా, బయటపడును.

కొందరికి బాధయే తెలియదు. మరికొందరికి కూర్చున్నపుడు నొప్పి, మలబద్ధకము కలుగును. తిత్తికి చీము పట్టినచో గుదము ప్రక్కన కురుపు లేచును. దానిని కోసి చీము తీసినను మరల లేచును. మూలము లోపలనే యున్నది గదా! ఇట్లు పలుమారులు తిరుగబెట్టు కురుపు వెనుక ఏమున్నదో చూడవలసినదే. వైద్యుడు వ్రేలితో పరీక్షించినచో తరచుగా తగులును. ఎం.ఆర్.ఐ. పటము దాని స్థానమును స్పష్టముగా చూపును. సూది గుచ్చి నీరు తీయుట సాధారణముగా తగదు. చీము పట్టు భయమున్నది. కొన్ని తిత్తులలో క్యాన్సరు, అనగా రాచపుండు, పుట్టుటయు కలదు. కావున తునకయైన మిగులకుండ తొలగించుటయే సరియైన చికిత్స.

చెప్పుట సులభమే, చేయుట కష్టము. ఆ చోటనే మలమూత్రములను అదుపులో నుంచు నరములును, తెగినచో రక్తము ఆగని సిరలును ఉన్నవి. తిత్తి క్రిందుగా నున్నచో ముడ్డిపూస ప్రక్కనుండి కోసి తీయుదురు. ఒక్కొక్కప్పుడు ఆ పూసను కూడ తీయవలసివచ్చును. పైగా నున్నచో పొట్టనుండి పోవలెను. అది లోతైన ఇరుకు నూతిలో పడిన చేదను గాలముతో తీయుటవంటిది. చూపు ఆనదు, చేయి పట్టదు.

ఈ ఇక్కట్టునకే రోబో యంత్రము తోడ్పడుచున్నది. రోబో యనగా తనంతట తాను కోయు మరమనిషి యని తలపవలదు. రోగికి మత్తిచ్చి, పొట్టను బొగ్గుపులుసు వాయువుతో ఉబ్బించి, చిన్న రంధ్రములగుండ సన్నని పనిముట్లను లోనికి పంపుదురు. వాని వెడల్పు సుమారు 8 మిల్లీమీటర్లు. శస్త్రవైద్యుడు అదే గదిలో ఒక పీఠమువద్ద కూర్చుండి, పెద్దదిగా కనబడు లోపలి దృశ్యమును లోతుతో సహా చూచుచు, తన వ్రేళ్లతో వానిని నడపును. ఆ పనిముట్లు మణికట్టువలె ఎటైనను తిరుగును. చేతి వణకు వానికి అంటదు. అమెరికా ప్రభుత్వము ఇట్టి దావించీ యంత్రమును 2000లో పొట్ట శస్త్రచికిత్సలకు అనుమతించినది. నేడు మన హైదరాబాదు ఆసుపత్రులలోను అట్టి యంత్రములు కలవు.

అయినను యంత్రమును జూచి మురియరాదు. దానికి వెల యెక్కువ. క్రిందనున్న చిన్న తిత్తికి అది అక్కరలేకపోవచ్చును. వ్యాధి అరుదగుటచేత పెద్దయెత్తున పోల్చిచూచిన పరీక్షలును లేవు. యంత్రము చేతికి చోటిచ్చునే గాని బుద్ధినీయదు. కావున, "అయ్యా, తిత్తి ఎంత పైనున్నది? ఏ మార్గమున తీయుదురు? ఇట్టివి ఎన్ని చేసితిరి?" అని వైద్యుని అడుగుడు. అడుగుట అవమానము కాదు.

అన్నింటికంటె ముందు కావలసినది రోగి నోటిమాట. ఆ చోటి బాధను చెప్పుకొనుటకు మన స్త్రీలు సిగ్గుపడుదురు, పురుషులును దాచుదురు. మీ యింట ఎవరైన కూర్చుండలేక బాధపడుచున్నచో, కురుపు మాటిమాటికి తిరుగబెట్టుచున్నచో, కట్లతోను లేపనములతోను కాలము గడుపక శస్త్రవైద్యునికి చూపించుడు. చెప్పని వ్యాధిని ఎంతటి యంత్రమును తొలగింపజాలదు.